పాటకు పహరా పెట్టిన మంత్రి: బాలకృష్ణ విశ్వనాథ కేస్కర్

కాజీపేట నుండి బెజవాడకు పోయే రైలు మార్గములో నెక్కొండ దాటిన తరువాత, మానుకోట ఇంకా రాకముందు, కేసముద్రం స్టేషను తగులుతుంది. ధాన్యము, మిరప, పసుపు అమ్మకాలకు చుట్టుపట్ల పేరుపడిన ఊరు. 1950 తరువాతి సంవత్సరాలలో ఇటువంటి ఊళ్ళలో రేడియో ఉన్న ఇల్లు వేళ్ళమీద లెక్కపెట్టదగినది. కొయ్యపెట్టెలో వేడెక్కే వాల్వులు, ఇంటి కప్పు మీదుగా లాగి కట్టిన ఏరియలు తీగ, పోస్టాఫీసులో ఏటేటా చెల్లించవలసిన లైసెన్సు రుసుము, ఇవన్నీ కలిగినవాడే రేడియో గల గృహస్థు. ఆ పెట్టె ముందు కూర్చున్నవారికి రెండు లోకాలు అందుబాటులో ఉండేవి. ముల్లు హైదరాబాదు కేంద్రము మీద నిలిపితే ఒక లోకము. షార్టువేవులోనికి త్రిప్పి, గరగర శబ్దము మధ్య వేలిని వెంట్రుకవాసి జరిపితే సింహళ ద్వీపమునుండి వినవచ్చే మరొక లోకము. మొదటిదానిలో రాగాలాపన, రెండవదానిలో సినిమా పాట, పాటకు పాటకు నడుమ పళ్ళపొడి ప్రకటన. ముల్లు మొదటి లోకమును విడిచి రెండవ లోకమునకు ఎందుకు పోయినదన్న ప్రశ్నకు సమాధానము ఒక మనిషి జీవితములో దొరుకుతుంది. ఆయన బాలకృష్ణ విశ్వనాథ కేస్కర్.

కేస్కర్ 1903లో పూనాలో మహారాష్ట్ర కుటుంబమున జన్మించినారు. సహాయ నిరాకరణోద్యమపు రోజులలో యువకులు సర్కారు కళాశాలలను విడిచి జాతీయ విద్యాలయాలలో చేరుతుండేవారు. 1921లో గాంధీజీ చేతులమీదుగా ప్రారంభమైన కాశీ విద్యాపీఠము అటువంటిది. కేస్కర్ చదువు అక్కడనే సాగినది. తరువాత ఆయన పారిస్ వెళ్ళి సోర్బాన్ విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొందినారు. కాశీ, పారిస్ అనే ఈ రెండు పట్టణాలు ఆయన మనస్సును చెరియొక వైపునుండి మలచినవనవచ్చును. కాశీలో సంగీతమనగా దేవాలయము, గురుకులము, తరతరాల సాధన. పారిస్‌లో సంగీతమనగా ప్రభుత్వము పోషించే నాటకశాల, వాద్యబృందము, విద్యాసంస్థ. కళను కాపాడవలసిన బాధ్యత రాజ్యానిదేనన్న నమ్మకము ఆయనకు ఈ రెండవ చోటునుండి వచ్చియుండవచ్చును. కాపాడవలసినదేది అన్న నిర్ణయము మాత్రము మొదటి చోటునుండి వచ్చినది. ఆయన స్వయముగా హిందూస్థానీ గాత్రము అభ్యసించిన వ్యక్తి. మంత్రి పదవిలో ఉన్నవారు సంగీతమును గూర్చి ఉపన్యసించడము కొత్త కాదు. శ్రుతి తెలిసి ఉపన్యసించిన మంత్రి అరుదు.

కాంగ్రెసులో పనిచేసి, ఆ సంస్థకు ప్రధాన కార్యదర్శి పదవి వహించి, రాజ్యాంగ నిర్మాణ సభలో సభ్యులై, 1948 నుండి విదేశాంగ శాఖలో ఉపమంత్రిగా ఉన్నారు. ఆ ఉద్యోగాలు ఆయనను దేశములో నలుగురికీ తెలిసిన మనిషిని చేయలేదు. 1952లో మొదటి సాధారణ ఎన్నికల తరువాత సమాచార ప్రసార శాఖ ఆయన చేతికి వచ్చినది. అక్కడినుండి పది సంవత్సరాలు, 1962 వరకు, ఆ శాఖను విడువలేదు. అంత దీర్ఘకాలము ఆ పీఠముపై కూర్చున్న మంత్రి అంతకుముందు లేరు. ఆయన జీవితచరిత్ర అంటే ముఖ్యముగా ఈ పది సంవత్సరాల చరిత్రయే.

ఆయన బాధ్యత స్వీకరించేనాటికి దేశములో రేడియో యావత్తు ప్రభుత్వ హస్తములో ఉన్నది. బెజవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. హైదరాబాదులో నిజాము సంస్థానమునకు చెందిన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో విలీనమైనది. వరంగల్లు జిల్లా వారికి, కేసముద్రం వారితో సహా, ఇంటి రేడియో అంటే ఆ హైదరాబాదు కేంద్రమే. ఈ కేంద్రాలలో శాస్త్రీయ సంగీతముతోబాటు సినిమా పాటలు కూడ చోటు చేసుకొని శ్రోతలను ఆకర్షిస్తుండేవి.

కేస్కర్ దృష్టిలో ఇది రోగము. సంస్థానాధీశులు పోయినారు, వారి పోషణలో బ్రతికిన విద్వాంసులకు ఆశ్రయము పోయినది, ఆ స్థానములో ప్రజాప్రభుత్వము నిలువకపోతే వేయి సంవత్సరాల విద్య ఒక్క తరములో అంతరిస్తుందని ఆయన భయము. ఈ భయము నిరాధారమని ఎవరనగలరు? ఆనాడు మైసూరు, బరోడా, గ్వాలియర్, విజయనగరము వంటి ఆస్థానాల వెలుగు ఆరిపోతూనే ఉన్నది. కాని దీనికి తోడుగా ఆయనకు మరికొన్ని అభిప్రాయాలుండేవి. ఉత్తరదేశములో సంగీతము ముస్లిము పాలకుల ఆస్థానాలలో చిక్కి తన మూలధర్మమును కోల్పోయినదనీ, ఘరానాల అసూయలతో కృశించినదనీ ఆయన తలచేవారు. ఖ్యాలు, ఠుమ్రీ, సరోదు, సితారు ఏ గృహాలలో పెరిగినవో ఎరిగినవారికి ఈ తీర్పు ఎంత కఠినమో, ఎంత అన్యాయమో చెప్పనక్కరలేదు. ఆయన రక్షించదలచిన విద్యను ఆనాడు మోస్తున్నవారిలో సగము మంది ఆ ఉస్తాదులే.

ఆయన చేసిన నిర్మాణమును ముందుగా చెప్పుట న్యాయము. 1952 జూలై 20న జాతీయ సంగీత కార్యక్రమము మొదలైనది. శనివారము రాత్రి దేశములోని కేంద్రాలన్నీ ఒకే కచేరీని ప్రసారము చేసేవి. తమిళదేశపు విద్వాంసుని గానము ఢిల్లీవారికీ, మహారాష్ట్ర గాయకుని ఖ్యాలు బెజవాడ వారికీ ఇంటిలో కూర్చుండగా చేరినది. సభలకు పోయి టిక్కెట్టు కొనలేని గ్రామోపాధ్యాయునికి ఈ శనివారాలు విశ్వవిద్యాలయము వంటివి. అదే సంవత్సరము వాద్యవృందము ఏర్పడినది, రవిశంకర్, టి.కె.జయరామయ్యర్ దానికి సారథులు. తరువాతి కాలములో ద్రాక్షారామమునకు చెందిన మన వైణిక విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి ఆ వాద్యవృందమును నడిపినారు. 1954 నుండి ఆకాశవాణి సంగీత సమ్మేళనాలు జరిగినవి. ప్రసిద్ధ రచయితలను, సంగీతజ్ఞులను రేడియోలోనికి నిర్మాతలుగా ఆహ్వానించడము కూడ ఆయన కాలపు సంగతియే. దేవులపల్లి కృష్ణశాస్త్రి హైదరాబాదు కేంద్రములో చేరినది ఆ రోజులలోనే.

విద్వాంసులకు పరీక్ష పెట్టడముతో తగవు వచ్చినది. రేడియోలో పాడదలచినవారు స్వరపరీక్షా సంఘము ముందు పాడి శ్రేణి పొందవలెనన్నారు. శ్రీకృష్ణ రతన్‌జన్‌కర్ ఈ కార్యమునకు పెద్దగా ఉన్నారు. పాడేవారెవరో తెలియకుండ, వేరొక గదిలో కూర్చుండి వినడము మంచి పద్ధతియే, సిఫారసుకు తావులేదు. కాని కంఠముతోబాటు శాస్త్రములోను ప్రశ్నలు వేసినారు. తాతనుండి తండ్రికి, తండ్రినుండి తనకు నోటివెంట వచ్చిన విద్యతో నలువది సంవత్సరాలు కచేరీలు చేసిన ఉస్తాదును కూర్చుండబెట్టి రాగలక్షణము చెప్పుమంటే ఆయన ఏమి చెప్పును? పాడి చూపును. చాలామంది అవమానపడినారు, బొంబాయిలోను, కలకత్తాలోను కళాకారులు నిరసన తెలిపినారు. పరీక్ష రాసేవాని గుండెకొట్టుకొనుట ఎట్టిదో ఉపాధ్యాయులకు, విద్యార్థులకు వేరే చెప్పనవసరము లేదు. శ్రేణులు మాత్రము నిలిచిపోయినవి. తరువాత దశాబ్దాల తరబడి కచేరీ ఆహ్వానపత్రికలలో విద్వాంసుని పేరు ప్రక్కన ఆకాశవాణి శ్రేణిని ముద్రించుకొనే ఆచారము వచ్చినది.

హార్మోనియము నిషేధమును కూడ కొందరు కేస్కర్ ఖాతాలోనే వేస్తారు. అది పొరబాటు. ఆ నిషేధము 1940లోనే, బ్రిటిషు ప్రభుత్వపు రోజులలో వచ్చినది. ఆయన దానిని తొలగించలేదు, అంతే. 1971లో గాని ఆ పెట్టెకు రేడియో తలుపు తిరిగి తెరువబడలేదు.

ఇక సినిమా పాట. 1952లోనే ఆయన కత్తెర పట్టినారు. మొత్తము ప్రసారములో సినిమా పాటల వంతు పదింట ఒక పాలుకు కుదించబడినది. ఆ కొద్ది పాటలను కూడ ముందుగా విని, ఏరి, యోగ్యమైనవనుకొన్నవే వేయవలెనన్నారు. సాహిత్యములో అసభ్యత, బాణీలో పాశ్చాత్యానుకరణ, ఈ రెండూ ఆయన ఆరోపణలు. మూడవ నియమము చిన్నదిగా కనిపించినా అగ్గి రాజవేసినది అదే. పాట వేసేటప్పుడు సినిమా పేరు చెప్పగూడదు. చెబితే ప్రభుత్వ ఖర్చుతో సినిమాకు ప్రకటన చేసినట్లగునని వాదము. పాడినవారి పేరు మాత్రము చెబుతారు. నిర్మాతలు మండిపడినారు. పాటల హక్కులు వారివి. సినిమా పేరు లేనిదే పాట ఇవ్వమన్నారు. ఒప్పందాలు తెగిపోయినవి. కొద్ది నెలలలోనే దేశమంతటా ప్రభుత్వ రేడియోనుండి సినిమా పాట ఇంచుమించు మాయమైనది. పదవ వంతుకు కుదించదలచినది శూన్యమునకు వచ్చినది. మంత్రి దీనికి దుఃఖించినట్లు కనబడదు.

ఒక విచిత్రము గమనించండి. అదే 1952లో హిందీలో బైజూ బావరా విడుదలైనది. నౌషాద్ సంగీతము, ఉస్తాద్ అమీర్ ఖాన్, డి.వి.పలుస్కర్ వంటి మహాగాయకుల కంఠములు. జాతీయ కార్యక్రమము ఏ రాగాలను జనులకు అలవాటు చేయదలచినదో ఆ రాగాలనే ఆ చిత్రము బజారులో రిక్షావాని నోటికి అందించినది. మన వైపు చూచినా అంతే. 1951లో వచ్చిన మల్లీశ్వరి పాటలు సాలూరు రాజేశ్వరరావు స్వరపరచినవి. వాటిని రచించినది కృష్ణశాస్త్రియే. ఏ కవిని ఆకాశవాణి గౌరవముతో ఇంటికి పిలిచినదో ఆ కవి పాటయే సినిమా ముద్రతో వస్తే గుమ్మము వద్ద ఆగవలసి వచ్చినది. కేసముద్రానికి దాపున చిన్నగూడూరులో జన్మించిన దాశరథి విషయము కొంచెము తరువాతిది: ఆకాశవాణిలోను పనిచేసినారు, 1961 నుండి సినిమాలకు పాటలూ వ్రాసినారు. కవిత్వము కాగితము మీద ఉంటే ఒకటి, తెరమీదికి పోతే వేరొకటి అవుతుందా? కేస్కర్ సినిమా పాటను ఒకే కుప్పగా చూచినారు. కుప్పలో పొల్లు ఎక్కువే. గింజలు లేవనుకొనడమే ఆయన చేసిన తప్పు.

ఇక్కడ సింహళము రంగప్రవేశము చేస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో ఆగ్నేయాసియా సైనికుల కొరకు మౌంట్‌బాటెన్ సేనాధిపత్యములో కొలంబోలో శక్తిమంతమైన షార్టువేవు ప్రసారయంత్రము నెలకొల్పబడినది. యుద్ధము ముగిసినది, యంత్రము సింహళ ప్రభుత్వమునకు దక్కినది. సైనికులు పోయిన తరువాత ఆ గొంతు ఎవరికొరకు? రేడియో సిలోను వారు 1950లో వాణిజ్యవిభాగమును తెరిచినారు. ఆస్ట్రేలియానుండి వచ్చిన క్లిఫర్డ్ డాడ్ దానిని తీర్చిదిద్దినారు. ఆ యంత్రపు ధ్వని హిమాలయాలవరకు వినబడుతుంది. భారతదేశములో రేడియో ప్రకటనలకు చోటు లేదు. బొంబాయిలో సరకు అమ్ముకొనే కంపెనీలు చోటుకొరకు వెదకుచున్నవి. ఇంతలో కేస్కర్ సినిమా పాటను బయటికి పంపినారు. వర్తకుడు దుకాణము తెరిచి కూర్చుండగా ఎదుటి దుకాణదారు తన సరకంతా తెచ్చి అతని గుమ్మములో పోసినట్లయినది.

వాణిజ్య రేడియో పాటను ఎట్లు ఎన్నుకొనునో ఇక్కడ కొంచెము నిలిచి చూడవలెను. ఎందుకనగా కేస్కర్ ఓడినది ఈ విద్య ముందే. అక్కడ పాట సరకు కాదు, ఎర. సరకు శ్రోతయే. పళ్ళపొడి కంపెనీ అరగంట కాలమును కొనుగోలు చేస్తుంది. కొన్నది కాలమును కాదు, ఆ అరగంటలో పెట్టె చుట్టూ చేరిన కుటుంబాలను. కావున మొదటి ప్రశ్న ఏ పాట మంచిదని కాదు. ఏ వేళకు ఎవరు వింటారు, వారిలో మన సరకు కొనేవారెవరు, వారిని కదలకుండ కూర్చుండబెట్టేది ఏది అని. ఉదయము ఏడున్నరకు పాత సినిమాల సంగీతము వేసేవారు. ఎనిమిది కావస్తుండగా చివరిపాట తప్పక కె.ఎల్.సైగల్‌ది. ఇంటి పెద్దలకు ఆ అరగంట. ఎనిమిది గంటలు కొట్టగానే శ్రోతలు కోరిన కొత్త పాటలు, పడుచువారికి. గడియారము చూడకుండ సైగల్ గొంతు విని వేళ తెలుసుకొనే ఇండ్లుండేవి. అలవాటును మించిన గొలుసు లేదని ఆ రేడియోవారు బాగుగా ఎరుగుదురు.

ఈ విద్యకు మకుటము వంటిది బినాకా గీతమాల. 1952 డిసెంబరులో ప్రారంభమైనది. బుధవారము రాత్రి ఎనిమిది గంటలకు. అమీన్ సయానీ బొంబాయిలో మాట్లాడి రికార్డు చేసిన కార్యక్రమము విమానము మీద కొలంబో చేరి, అక్కడినుండి ఆకాశమార్గమున తిరిగి భారతదేశమునకు వచ్చేది. మొదట ఏడు పాటలు వేసి, వాటిని విడుదలైన కాలక్రమములో అమర్చి పంపినవారికి నూరు రూపాయల బహుమతి అన్నారు. మొదటి కార్యక్రమమునకే సుమారు 9,000 ఉత్తరాలు వచ్చినవి. కొంతకాలానికి వారానికి 65,000 వరకు పెరిగినవి. అంత ఉత్తరాలను లెక్కపెట్టలేక, పోటీ మాని, పాటలను జనాదరణ క్రమములో మెట్లుగా పేర్చి చెప్పసాగినారు. రికార్డు దుకాణాలలో ఏ పలక ఎన్ని అమ్ముడైనదో విచారించినారు. ఊరూర రేడియో శ్రోతల సంఘాలు ఏర్పడి తమ కోరికలను వ్రాసి పంపినవి. ఝుమ్రీ తలైయా అనే చిన్న పట్టణము పేరు అభ్రకపు గనులవలన కాక కోరిన పాటల ఉత్తరాలవలన దేశమంతటికీ తెలిసినది.

ఆ రోజులలోనే అమెరికాలో ఒమహా నగరపు రేడియో యజమాని టాడ్ స్టార్జ్ మరొక సంగతి గ్రహించినారు. ఫలహారశాలలో డబ్బు వేస్తే పాడే యంత్రముండేది. దానిలో ఎన్నో పాటలున్నా జనులు వేసినదే మరల మరల వేయించుకొంటారు. అయితే రేడియో కూడ ఆ కొద్ది పాటలనే తిప్పి తిప్పి వేయవలెనన్నారు. లోకములో వాణిజ్య రేడియో యావత్తు తరువాత నడిచిన బాట ఇదే. కొలంబోలో మెట్లు, ఒమహాలో పునరావృత్తి. రెండింటా సూత్రము ఒక్కటే: శ్రోత ఇదివరకే ఇష్టపడినదానిని మరల అతని ముందుంచుము.

కేస్కర్ సూత్రము దీనికి సరిగా తలక్రిందులు: శ్రోత ఇంకా ఎరుగనిదానిని అతని ముందుంచుము, వినగా వినగా ఇష్టపడును. బడిలో పాఠము చెప్పేవారందరి సూత్రమూ ఇదే గదా! కాని బడికి హాజరుపట్టీ ఉన్నది, రేడియోకు ముల్లున్నది. పిల్లవాడు గోడ దూకితే ఉపాధ్యాయుడు చూడగలడు. శ్రోత ముల్లు త్రిప్పితే మంత్రికి తెలియదు. తెలిసిన తరువాత కూడ కొన్ని సంవత్సరాలు ఆయన తన పాఠము తాను చెప్పుకొనిపోయినారు. ఆనాడు ఒక హాస్యోక్తి వ్యాప్తిలో ఉండేది. రేడియో ఉన్న పది ఇండ్లు చూస్తే తొమ్మిదింట సిలోను మోగుచున్నదట. పదవ ఇంట రేడియో చెడిపోయినదట. తెలుగువారికొరకు కూడ సిలోనునుండి కార్యక్రమాలు వచ్చినవి. తరువాతి సంవత్సరాలలో వ్యాఖ్యాత్రి మీనాక్షీ పొన్నుదురై గొంతు తెలుగు ఇండ్లలో చుట్టపుగొంతువలె వినబడేది. ఘంటసాల పాట వినుటకు ఆంధ్రదేశములోని శ్రోత సముద్రముదాటి చెవి ఒగ్గవలసివచ్చుటకంటె చిత్రమేమున్నది?

కేస్కర్ ఊరక నిషేధించి కూర్చున్నవారు కారు. సినిమా పాట వదలిన ఖాళీని పూరించుటకు రేడియోయే సొంతముగా పాటలు కట్టవలెనని, కేంద్రాలలో లలితసంగీత విభాగాలు పెట్టించినారు. కవులచేత వ్రాయించి, రేడియో సంగీతజ్ఞులచేత బాణీలు కట్టించి, శాస్త్రీయమునకు సినిమాకు నడిమి బాట తీయించినారు. హిందీలో ఈ ప్రయత్నమునకు రావలసినంత ఆదరణ రాలేదు. తెలుగులో వచ్చినది. దీనికి కారణము ఊహించడము కష్టము కాదు. మనకు అప్పటికే భావకవిత్వము పాటగా పండియున్నది; ఎంకిపాటలు, కృష్ణశాస్త్రి గీతాలు గొంతులలో ఉన్నవి. రేడియోకు పాట కొత్తగా పుట్టించే పని లేదు, పెంచుకొనే పనియే. బెజవాడలో బాలాంత్రపు రజనీకాంతరావు కవి, గాయకుడు, వాగ్గేయకారుడు, ఉద్యోగి, అన్నీ తానై నిలిచినారు. ప్రాతఃకాలపు భక్తిరంజని తెలుగు ఇండ్లకు కోడికూత వంటిదైనది. తత్త్వాలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు, పల్లెటూరి ముసలివారి నోళ్ళలో తప్ప ఎక్కడా నిలువనివి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నం, ఓలేటి వెంకటేశ్వర్లు వంటివారి కంఠాలలో మరల బ్రతికినవి. హైదరాబాదులో పాలగుమ్మి విశ్వనాథం, ఆ తరువాత చిత్తరంజన్ లలితగీతమునకు ఊపిరి పోసినారు. మాసమునకొక గీతము చొప్పున నేర్పే కార్యక్రమాలు విని, కాగితము మీద వ్రాసికొని, బడి వార్షికోత్సవములో పాడిన బాలికలు ఎందరో. ఆ పాటలు తెలుగునేల మీద పుట్టుటకు కేస్కర్ కత్తెర ఒక కారణమని ఒప్పుకొనక తప్పదు. ఆయన కత్తెర లేకపోతే అవి అసలే పుట్టేవి కావా అన్నది వేరే ప్రశ్న. రజని వంటివారు కత్తెరకొరకు ఎదురుచూచి కూర్చునేవారని తోచదు.

అయినను లెక్క కుదరలేదు. సిలోనుకు పోతున్నది శ్రోతల చెవులు మాత్రమే కాదు. ప్రకటనల డబ్బు కూడ దేశము దాటిపోతున్నది. నిర్మాతలతో రాజీ జరిగినది. 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమైనది. బొంబాయి, మద్రాసుల షార్టువేవు యంత్రాలనుండి ప్రసారము. దాని రూపశిల్పి పండిత నరేంద్రశర్మ. హిందీ కవి, అందులోను సినిమాలకు పాటలు వ్రాసిన కవి. ప్రారంభగీతమును ఆయన వ్రాయగా అనిల్ బిశ్వాస్ స్వరపరచినారు, మన్నా డే పాడినారు. ముగ్గురూ సినిమావారే! ఏ వాకిలినుండి సినిమా పాటను కేస్కర్ పంపివేసినారో ఆ వాకిలికే తోరణము కట్టి పిలువవలసి వచ్చినది. పిలిచినదీ ఆయన శాఖయే. సైనికుల కొరకు జయమాల వంటి కార్యక్రమాలు వచ్చినవి. సిలోను ప్రకటనలతో చేసిన పనిని ప్రకటనలు లేకుండ చేయుట వివిధభారతి ప్రత్యేకత. సినిమా పేరు, కవి పేరు, సంగీతదర్శకుని పేరు వరుసగా చెప్పి పాట వేసే సంప్రదాయము నిలిచినది. తెలుగు విద్యార్థికి ఇది పెద్ద మేలు. పాట ఎవరు వ్రాసినారో తెలియజేసే ఉపాధ్యాయుడు అంతకుముందు వానికి లేడు.

కేస్కర్ మాత్రము మనసు మార్చుకొన్నట్లు కనబడరు. ఓటమిని పరిపాలనలో అంగీకరించినారు, అభిప్రాయములో కాదు. 1962 ఎన్నికలలో ఆయన ఓడిపోయినారు. సమాచార ప్రసార శాఖ మన బెజవాడ గోపాలరెడ్డి చేతికి వచ్చినది. శాంతినికేతనములో చదివి, రవీంద్రుని తెలుగు చేసిన రసికుడు. 1964లో అశోక్ చందా అధ్యక్షతన నియమింపబడిన సంఘము రేడియో స్థితిగతులను పరిశీలించి, వాణిజ్య ప్రసారములను సిఫారసు చేసినది. 1967 నవంబరు 1న బొంబాయి, నాగపూరు, పూనాలలో వివిధభారతిలో ప్రకటనలు మొదలైనవి. కేస్కర్ జన్మించిన పూనాలోనే, సరిగా ఆయన గ్రంథము భారతీయ సంగీత సమస్యలను గూర్చి వెలువడిన సంవత్సరములోనే!

ఓడిన మంత్రులు సాధారణముగా మరుగుపడిపోతారు. కేస్కర్ మరల పనిలో దిగినారు. 1962 నుండి 1973 వరకు నేషనల్ బుక్ ట్రస్టుకు అధ్యక్షులు. ఒక భాషలోని మంచి పుస్తకములను తక్కిన భాషలలోనికి అనువదింపజేసే ఆదాన ప్రదాన గ్రంథమాల, పిల్లల కొరకు నెహ్రూ బాలపుస్తకాలయము ఆయన కాలమున వచ్చినవి. మన బడుల గ్రంథాలయాలలో, చవకధరలో, రంగుల బొమ్మలతో ఉన్న ఆ సన్నని పుస్తకాలను తిరగవేయని తెలుగు ఉపాధ్యాయులు ఆ తరములో తక్కువ. 1972లో ఢిల్లీలో మొదటి ప్రపంచ పుస్తక ప్రదర్శన జరిగినదీ ఆయన హయాములోనే. ఇక్కడ ఆయన స్వభావము ఆయనకు అనుకూలించినది. పుస్తకమును ఎవరి చెవిలోను బలవంతముగా పోయలేము. మంచి పుస్తకము అచ్చువేసి చవకగా ఉంచుట వరకే పని. తీసుకొనుట, మానుట చదువరి ఇష్టము. రేడియోలో ఆయన మరచిన మర్యాద గ్రంథరంగములో తనంత తానే కుదిరినది.

ఆయన తరువాతి కథ ఆయన ఊహింపనిది. 1995లో సుప్రీముకోర్టు వాయుతరంగములు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పినది. 2001లో బెంగుళూరులో మొదటి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రము వెలసినది, తెలుగు నగరాలకూ అవి వచ్చినవి. అటువంటి కేంద్రాలలో పాటను ఎన్నుకొనే తీరు కేస్కర్ కనిపెట్టిన స్వరపరీక్షకు దూరపుబంధువు వలె కనిపిస్తుంది. ఆనాడు విద్వాంసుడు తెరవెనుక పాడగా పండితులు శ్రేణి ఇచ్చినారు. ఈనాడు ఏ వయస్సువారికి సరకు అమ్మవలెనో ఆ వయస్సువారిని కొందరిని ఎంచి, పాటలోని పల్లవి తునకను కొన్ని క్షణాలు వినిపించి, మార్కులు అడుగుతారు. ఎక్కువ మార్కులు వచ్చినవి రోజుకు పలుమార్లు తిరుగుతాయి. తక్కువ వచ్చినవి తెరమరుగు. పరీక్షకులు మారినారు, పరీక్ష పోలేదు. కేస్కర్ సంఘము నిరాకరించిన కళాకారుడు ఎవరిమీద కోపపడవలెనో ఎరుగును. లెక్కలు నిరాకరించిన పాటకు ఆ ఊరట కూడ లేదు. జానపదుని పాట, వృద్ధుల కీర్తన, కొత్తగా కలము పట్టినవాని గీతము, వీటికి కొనుగోలుదారులు తక్కువ గనుక వేళ దొరకదు. వాటికి చోటిచ్చే భారము నేటికీ అధికముగా ఆకాశవాణి మీదనే ఉన్నది.

కేస్కర్ 1984 ఆగస్టు 28న నాగపూరులో కన్నుమూసినారు. మరి అయిదు సంవత్సరాలకు, 1989లో, గీతమాల సిలోను విడిచి వివిధభారతికి వచ్చి చేరినది.